“పాదుకొల్పితి సార్వభౌమ బిరుదు”: ముందు సగం ఏమిటి?

బ్రాడీపేట, గుంటూరు: బ్రిటన్‌లో 2016 జూన్ 23న జరిగిన రెఫరెండం మీద రాస్తున్న వ్యాసానికి శ్రీనాథుని సీసపాదాన్ని శీర్షికగా పెట్టదలచాను. పైన ఉటంకించిన సగం నోటికి ఉంది. దాని ముందున్నది “చంద్రశేఖర క్రియాశక్తి” అనా, “చంద్రభూష క్రియాశక్తి” అనా? ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగి బ్రిటన్ తిరిగి తెచ్చుకున్నానంటున్నది సార్వభౌమత్వమేనా?

సత్యనారాయణపురం, విజయవాడ: “చంద్రభూష క్రియాశక్తి రాయల యొద్ద” అనే చదవాలి, “శేఖర” అంటే రెండో గణంలోనే సీసం కుంటుతుంది. ఇక సర్వభూమికి ఈశ్వరుడు సార్వభౌముడు కాబట్టి, తన దీవుల మేరకే ఏలుబడి కోరిన దేశానికి ఆ మాట పొసగదు. మన రాజ్యాంగ ప్రవేశికలోని “సర్వసత్తాక” చాలు.

గవర్నరుపేట, విజయవాడ: వ్యుత్పత్తినే పట్టుకుంటే కుశలుడు నేటికీ కుశలు, అంటే దర్భలు, కోస్తూనే ఉండాలి. అసలు కీలకం “పాదుకొల్పితి”, అంటే నెలకొల్పాను, అనడంలో ఉంది. శ్రీనాథుడంతటివాడు కూడా బిరుదును తన ఇంట కాక విజయనగర రాయల యొద్ద పాదుకొల్పవలసి వచ్చింది. పరులు ఒప్పుకోనిదే అది నిలవదు.

సత్యనారాయణపురం: అన్వయం ఇంపుగానే ఉంది గాని, లిస్బన్ ఒప్పందం సవరించిన ఐరోపా సమాఖ్య ఒప్పందం 50వ అధికరణం ప్రకారం వైదొలగే దేశం తన నిర్ణయాన్ని తెలియజేస్తే చాలు, తక్కిన దేశాల అనుమతి అక్కరలేదు. 1972 చట్టంతో ఐరోపా శాసనాలకు చోటిచ్చిన పార్లమెంటుకే ఆ చట్టాన్ని రద్దు చేసే అధికారమూ ఎప్పుడూ ఉంది. అటువంటప్పుడు పోయిందేమిటి?

బ్రాడీపేట: లోపల ఉన్నన్నాళ్ళూ పోయింది. స్పెయిన్ వారి చేపల పడవల వ్యాజ్యంలో, 1988లో పార్లమెంటు చేసిన చట్టపు నిబంధనలను 1990లో బ్రిటన్ న్యాయస్థానమే పక్కన పెట్టింది. నా మొదటి ప్రశ్నకు ఇంకెవరైనా ప్రాచీన ప్రతి చూసి చెబుతారా?

అరండల్‌పేట, గుంటూరు: మా కొండవీటి విద్యాధికారి శ్రీనాథుణ్ణి అందరూ రాయల కొలువులోనే వదిలేశారు. బొడ్డుపల్లె పొలం గుత్త కట్టలేక శిక్ష పడినప్పటి పద్యం చదవండి: “సార్వభౌముని భుజాస్తంభ మెక్కెను గదా నగరివాకిట నుండు నల్లగుండు.” బిరుదు ఉన్నంత మాత్రాన ఏడునూర్ల టంకాలు మాఫీ కాలేదు. బ్రిటన్ కూడా 2017 డిసెంబరులో సమాఖ్యకు ఇవ్వవలసిన బాకీల పరిష్కారానికి ఒప్పుకుంది. వారి ప్రభుత్వమే ఆ మొత్తాన్ని 3,500 నుంచి 3,900 కోట్ల పౌండ్లని అంచనా వేసింది.

గవర్నరుపేట: తాను ఒప్పుకున్న బాకీ తీర్చడం పరాధీనత ఎలా అవుతుంది? అదే పద్యంలో “బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి” అన్నాడు. అక్కడి “ఏరి”ని ఎంచుకొని అనే అర్థంలో తీసుకుంటే ఎంపిక కవిదే, నష్టమూ కవిదే.

సత్యనారాయణపురం: అది ఏరుకోవడంలోని “ఏరి” కాదండీ, ఏరువాకలోని ఏరు, అంటే నాగలి. గొడ్డునేల దున్ని మోసపోయానన్నాడు. నేల ఎలాంటిదో ముందే తెలుసునని ఎక్కడన్నాడు?

అరండల్‌పేట: ఏరువాకలోని ఏరుకు క్రియారూపం ఏ కావ్యంలో ఉందో ముందు చూపండి.