పహాణీలను స్కాన్ చేశాక కాగితాన్ని దాచాలా?

మెతుకుసీమ: మా తహసీల్దారు కార్యాలయంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన భూముల రికార్డు) పుటలు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. వాటిని స్కాన్ చేసి అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెట్టాక, కాగితాలను ఇంకా భద్రపరచవలసిన అవసరం ఉందంటారా?

గెట్టురాయి: అవసరం లేదు. ఒక్క నకలు కోసం నేను ఏడు నెలలు తిరిగాను. రికార్డు గది తాళం ఉన్నవారు సెలవులో ఉన్నారన్న మాట తప్ప మరొకటి వినలేదు. రికార్డులను సూచికలతో అమర్చి కంప్యూటరీకరించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనే చెబుతోంది.

పాతదస్త్రం: ఆ సెక్షన్ కాగితాన్ని పారేయమనలేదు. ఇంతకూ మీరు స్కాన్ అంటున్నది పుట బొమ్మనా, టైపు చేసిన వివరాలనా? పహాణీలో 2 ఎకరాల 20 గుంటలుగా ఉన్న మా విస్తీర్ణం కంప్యూటరుకు ఎక్కేసరికి 2 ఎకరాల 2 గుంటలైంది. 18 గుంటలు మావేనని చూపడానికి మాకు మిగిలింది ఆ చివికిన కాగితమే. అప్పీలు వినే రెవెన్యూ అధికారి తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి నడిచిన కాలంలో లేరు. 2025లో భూభారతి చట్టం వచ్చాకే ఆ అవకాశం మళ్ళీ దక్కింది.

చెరువుకట్ట: రెండూ ఉంచితే పోయేదేముంది?

గెట్టురాయి: నేనన్నది బొమ్మ గురించి. ఒక్క టైపు తప్పును పట్టుకుని మొత్తం పద్ధతినే కాదంటున్నారు. కంప్యూటరులో ఎవరు, ఎప్పుడు దిద్దారో నమోదు చేయవచ్చు. కాగితం మీది కొట్టివేత ఎవరిదో ఎవరు చెప్పగలరు?

పాతదస్త్రం: ఆ నమోదు రైతుకు కనబడాలి కదా! మాకు కనబడింది చివరి అంకె ఒక్కటే.

గెట్టురాయి: కాగితం మీద మీకింత పట్టుదల ఎందుకో నాకు అర్థమైంది. పాత పహాణీలో అనుభవదారు, అంటే పొలాన్ని సాగు చేస్తున్నవారి పేరు రాసే కాలమ్ ఉంది. మా నాన్నగారు కౌలుకిచ్చిన పొలానికి కౌలుదారు పేరు ఆ కాలమ్‌లో ఎక్కడంతో పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాం. ధరణిలో దాన్ని తీసేసినప్పుడు మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

పాతదస్త్రం: ఈ మాట మొదటే చెప్పి ఉండవలసింది. మా నాయనమ్మ పేరు ఏ పట్టాలోనూ లేదు. ముప్పై ఏళ్ళు ఆమె సాగు చేసిన నేలకు ఆ కాలమ్‌లోని రాత తప్ప మరో ఆధారం లేదు. మీకు ఇబ్బందిగా ఉందని ఆమె పేరు చెరిపేస్తారా?

మెతుకుసీమ: స్కానింగుకు వచ్చేవారిని అనుభవదారు కాలమ్‌తో సహా పుట మొత్తం తీస్తున్నారా అని అడుగుతాను.

గెట్టురాయి: అడగండి. ఆ పేరు పక్కనే కోర్టు తీర్పు కూడా కనబడేటట్లయితే నాకు అభ్యంతరం లేదు.