గర్భంలోనే వైకల్యాన్ని కనిపెట్టే పరీక్షలు: ఎంతవరకు సమంజసం?

బ్రాడీపేట పాఠకుడు:
పుట్టబోయేది ఆడో మగో చెప్పడమే నేరమని 1994 నాటి చట్టం అంటోంది. అదే చట్టం క్రోమోజోముల లోపాలను, తలసీమియా వంటి వంశపారంపర్య రక్తపు జబ్బులను గర్భంలోనే కనిపెట్టడానికి అనుమతిస్తోంది. ఆడపిల్ల వద్దనుకోవడం తప్పయినప్పుడు డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము ఒకటి ఎక్కువగా ఉండే లోపం) ఉన్న బిడ్డ వద్దనుకోవడం ఒప్పెలా అవుతుంది? గర్భిణులందరికీ ఈ పరీక్షలు రాయడం మానాలని నా అభిప్రాయం.

పటమట పాఠకురాలు:
ఆడపిల్లగా పుట్టడం జబ్బు కాదండీ. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులు వాడుతూనే ఉండాలి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే (తమకు జబ్బు లేకున్నా ఆ లోపమున్న జన్యువు ఉన్నవారైతే) ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఆ ముప్పు ఉంటుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన జిల్లాల్లో పరీక్షలు వద్దనడం సరికాదు. నిర్ణయం తల్లిదే.

గుంటూరు కొత్తపేట పాఠకురాలు:
నిర్ణయం తల్లిదేనన్న మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. అయితే ఆ నిర్ణయం తీసుకోవడానికి ఆమెకు మనం ఏం చెప్పామన్నది చూడాలి. మా తోడికోడలికి మూడో నెలలో చేసిన డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష రిపోర్టులో ట్రైసోమీ 21 (అంటే డౌన్ సిండ్రోమ్) ఎదురుగా 1:120 అని, పక్కనే ఎర్రక్షరాల్లో ‘హై రిస్క్’ అని వచ్చింది. అలాంటి రిపోర్టు వచ్చిన 120 మందిలో సుమారు 119 మంది బిడ్డలకు ఆ లోపం ఉండదని దాని అర్థం. ఆ సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు. ఇంటికి చేరేలోపే పెద్దవాళ్లు తీయించేద్దామనే మాటకు వచ్చేశారు. అది అనుమానాన్ని మాత్రమే చెప్పే పరీక్ష అని, పదిహేను వారాలు నిండాక ఉమ్మనీరు తీసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుందని మరో డాక్టరు గారు కూర్చోబెట్టి వివరించిన తర్వాతే ఇంట్లో కాస్త నిదానించారు.

లోపం నిర్ధారణ అయినవాళ్లకు మాత్రం ఏం చెబుతున్నారు? గుండె జబ్బు ఉండవచ్చని, బుద్ధి ఎదుగుదల మందగిస్తుందని చెబుతారు. అవి నిజాలే, దాచకూడదు కూడా. కానీ డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చాలామంది మంచి వైద్యం అందితే అరవై ఏళ్ల దాకా బతుకుతున్నారని, చదవడం రాయడం నేర్చుకుంటున్నారని, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంటే మన రాష్ట్రంలో నెలకు రూ.6,000 పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చని, ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయని ఎందుకు చెప్పరు? అలాంటి బిడ్డను పెంచుతున్న తల్లితో ఒక గంట మాట్లాడించే ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. ఒకవైపే విని తీసుకున్న నిర్ణయాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు మనసొప్పదు.

పైగా గడువు తరుముతుంటుంది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం గర్భం తీయించుకోవాలంటే 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. ఆపైన, పిండంలో తీవ్ర లోపాలుంటే మెడికల్ బోర్డు తేల్చాలి. బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ చేసేదే 18 నుంచి 22 వారాల మధ్య కనుక, అందులో తేడా కనబడితే ఆలోచించుకోవడానికి ఎక్కువ రోజులు మిగలవు.

బ్రాడీపేట పాఠకుడు గారి పోలికలో నిజం లేకపోలేదు. కట్నం ఆడపిల్లను భారం చేసినట్టే, చేర్చుకోని బడులు ఈ పిల్లలను భారం చేస్తున్నాయి. అయినా మెదడు, పుర్రె సరిగా ఏర్పడని అనెన్‌సెఫలీకీ డౌన్ సిండ్రోమ్‌కీ ఒకే న్యాయం వర్తించదు. మొదటిదానిలో బిడ్డ దక్కదు. ఆ తల్లిని నెలలు నిండేదాకా మోయమనడం క్రూరత్వం.

బ్రాడీపేట పాఠకుడు:
అనెన్‌సెఫలీ విషయంలో నాకూ అభ్యంతరం లేదు. కానీ మీరు కోరుతున్న సలహా ఎక్కడా అందకుండానే పరీక్ష మాత్రం అందరికీ జరిగిపోతోంది కదా?

గుంటూరు కొత్తపేట పాఠకురాలు:
ఉమ్మనీరు పరీక్షకు ముందు మంచిచెడ్డలు వివరించి, గర్భిణికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలని మీరు ప్రస్తావించిన 1994 చట్టమే చెబుతోంది. తొలి రక్తపరీక్ష రాసేటప్పుడూ, రిపోర్టు చేతికిచ్చేటప్పుడూ కూడా అదే పద్ధతి పాటించాలని నేను అడుగుతున్నాను. పరీక్ష ఆపమని మాత్రం అడగను.