మొగ్గలు వచ్చి మాడిపోతున్నాయి, తేమ చాలడం లేదా?

ప్రశ్న (మియాపూర్, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇంట్లో పుట్టగొడుగులు పెంచడం ఇదే మొదటిసారి. తెల్ల ఆయిస్టర్, ఫ్లోరిడా రకం. వరిగడ్డి నానబెట్టి, వేడినీళ్లలో ఉంచి, నీరు వార్చి, స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) కలిపి రెండు బ్యాగులు కట్టాను. రెండూ లోపల తీగ అల్లుకుని చక్కగా తెల్లబడ్డాయి, ఎక్కడా పచ్చ బూజు లేదు. అసలు టెన్షన్ కవరుకి గాట్లు పెట్టాక మొదలైంది.

ఒక బ్యాగు వంటింటి వెనక యుటిలిటీలో వేలాడదీశాను. గాట్ల దగ్గర నువ్వుగింజలంత మొగ్గలు గుత్తులుగా వచ్చాయి. పిల్లలు కూడా తెగ సంబరపడ్డారు. రెండు రోజులు తిరగకముందే అవి గోధుమరంగుకి మారి, ముట్టుకుంటే పొడిగా తగులుతూ, అక్కడే ఆగిపోయాయి. రోజుకి ఐదారుసార్లు స్ప్రే చేస్తూనే ఉన్నాను.

రెండోదాన్ని తేమగా ఉంటుందని బాత్రూంలో పెట్టి, పైన పెద్ద పాలిథిన్ కవరు కప్పాను. అందులో మొగ్గలు ఎండలేదు. కానీ కాడలు సన్నగా పొడుగ్గా సాగాయి, గొడుగు మాత్రం అగ్గిపుల్ల తలంతే ఉంది. కాడల మొదట్లో తెల్లటి నూగు కూడా కనిపిస్తోంది. అది బూజేమోనని భయంగా ఉంది.

తేమ మీటరు కొన్నాను. యుటిలిటీలో స్ప్రే చేసినప్పుడు 80 శాతం దాకా చూపిస్తుంది. మరి ఎందుకు ఎండుతున్నాయి?

జవాబు (ఎల్బీనగర్)

ఎండలు మొదలయ్యాయి కదండీ, మామూలే. స్ప్రే పదిసార్లకి పెంచండి. బాగా తడవనివ్వండి.

జవాబు (వికారాబాద్, పెంపకందారు)

ఆ పని మాత్రం చేయకండమ్మా. మొగ్గల మీదే నీళ్లు కొడితే ఎండి పోవాల్సినవి కుళ్లి పోతాయి, తేడా అంతే.

ముందు కొన్ని సంగతులు చెప్పండి. యుటిలిటీకి గ్రిల్ ఉందా, తలుపు ఉందా? వంటింట్లో ఫ్యానుగానీ ఎగ్జాస్ట్ గానీ ఆ వైపు గాలి లాగుతోందా? స్ప్రే చేసిన అరగంట తర్వాత మీటరు ఎంత చూపిస్తోంది? బాత్రూంలో కవరుకి రంధ్రాలు పెట్టారా? అక్కడ వెలుతురు ఎంత?

ప్రశ్న అడిగినవారు

యుటిలిటీకి గ్రిల్ మాత్రమే ఉందండీ, తలుపు లేదు. గాలి బాగా వస్తుంది, మంచిదనే అక్కడ పెట్టాను. పక్కనే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది. అరగంట తర్వాత మీటరు ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడే చూశాను. మధ్యాహ్నం రెండింటికి 38 శాతం, 31 డిగ్రీలు! బాత్రూంలో కవరుకి రంధ్రాలేమీ లేవు. లైటు మేం వెళ్లినప్పుడే వేస్తాం.

జవాబు (వికారాబాద్, పెంపకందారు)

మీ రెండు బ్యాగులకీ వచ్చినవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు జబ్బులు. ఒకదానికి గాలి ఉంది, తేమ లేదు. రెండోదానికి తేమ ఉంది, గాలి లేదు. ఈ రెండింటినీ కలిపి ఇవ్వడమే ఇందులో ఉన్న అసలు పని. మిగతాదంతా గడ్డి, స్పాన్ చూసుకుంటాయి.

మొదట ఎండిన బ్యాగు. నీళ్లు చల్లినంత మాత్రాన తేమ ఉన్నట్టు కాదు. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో మన తెలంగాణ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, మీరు చల్లిన తుంపర పావుగంటలో ఆవిరైపోతుంది. ఫ్యాను కింద ఆరేసిన తడిబట్టలాంటి పరిస్థితి ఆ మొగ్గలది. మీటరు చూపించిన 80 ఆ పావుగంట సంగతే. మిగతా రోజంతా మొగ్గ 40 శాతంలోనే బతకాలి. పైన చర్మం ఆరిపోయే వేగానికి గడ్డిలో అల్లుకున్న పుట్టగొడుగు తీగ నీరు అందించలేదు, అందుకే మొగ్గ మాడిపోతుంది. ఆయిస్టర్‌కి మొగ్గ తొడిగే సమయంలో 85 నుంచి 95 శాతం, గొడుగు విచ్చుకునేటప్పుడు 80 నుంచి 85 శాతం ఉండాలి. అదీ నిలకడగా ఉండాలి. కాసేపు 95, కాసేపు 40 అయితే లాభం లేదు.

ఇక బాత్రూం బ్యాగు. పుట్టగొడుగు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కవరు బిగించేసరికి ఆ వాయువు లోపలే పేరుకుంది. ఇంకా గడ్డి లోపలే ఉన్నాననుకుని, బయటి గాలి కోసం కాడను సాగదీస్తుంది, గొడుగు విప్పదు. వెలుతురు లేకపోవడం దానికి తోడైంది. కాడల మొదట్లో మీరు చూసిన నూగు బూజు కాదు, అదే పుట్టగొడుగు తాలూకు తీగ. గాలి ఆడక, తేమ మరీ ఎక్కువైతే అలా వస్తుంది. కంగారు పడకండి. ఆకుపచ్చగా మారితేనే భయపడాలి.

పూర్తిగా 100 శాతం తేమలో మూసేయడం కూడా ఎందుకు మంచిది కాదో చెప్తాను, ఇది చాలామంది పట్టించుకోరు. మొగ్గ పైనుంచి కొద్దికొద్దిగా నీరు ఆవిరవుతూ ఉంటేనే కింది నుంచి నీరూ ఆహారమూ పైకి లాగబడతాయి. అసలు ఆవిరే కాకపోతే ఆ లాగుడు మందగిస్తుంది. అంటే ఆవిరి కావాలి, కానీ నెమ్మదిగా కావాలి.

ఏం చేయాలంటే, ఇంట్లో బట్టలారేసే స్టాండుగానీ పాత ర్యాకుగానీ ఉంటే చాలు. కింద వెడల్పాటి ట్రేలో రెండంగుళాల మందాన ఇసుక పోసి తడపండి. ఇసుక మీద రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద బ్యాగులు పెట్టండి, లేదా పైనుంచి వేలాడదీయండి. ర్యాకుకి రెండు పక్కల గోనెసంచులు తడిపి కట్టండి. మొత్తానికి పల్చటి పాలిథిన్ షీటు కప్పండి. షీటు నేలదాకా దించకండి, కింద జానెడు వదిలేయండి. పైన కూడా పెన్ను పట్టేంత రంధ్రాలు ఓ పది పన్నెండు పెట్టండి. కిందా పైనా దారి ఉంటే గాలి తనంతట తాను తిరుగుతుంది.

స్ప్రే ఇకనుంచి గోనెలకీ, ఇసుకకీ, షీటు లోపలి వైపుకీ. మొగ్గలకి కాదు. గొడుగు రూపాయి బిళ్లంత అయ్యాక పైనుంచి సన్నటి తుంపర పడినా పర్వాలేదు, గొడుగు మీద నీటి చుక్కలు నిలిచిపోకూడదు. పొద్దున, సాయంత్రం షీటు ఎత్తి, పేపరుతో రెండు నిమిషాలు విసిరి మళ్లీ దించండి.

వెలుతురు సంగతి. ఎండ తగలకూడదు. పేపరు చదువుకోగలిగేంత వెలుతురు పగటిపూట ఉంటే సరిపోతుంది. బాత్రూం వద్దు, సబ్బు, ఫినాయిల్ వాసనల మధ్య తినే వస్తువు పెంచడం నాకసలు నచ్చదు. ఉత్తరం వైపు గదిలో ఒక మూల పెట్టండి. ఆ గదిలో ఫ్యాను, ఏసీ వేయకండి. ఏసీ చల్లదనం ఇస్తుంది కానీ గాలిలో తేమని లాగేస్తుంది.

జవాబు (బెంగళూరు)

మీటరు గురించి ఒక మాట. చవక మీటర్లలో పది శాతం దాకా తేడా మామూలు. పరీక్షించడం సులువు. ఒక సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, కరిగిపోకుండా తడిసి ముద్దయ్యేంత నీళ్లు కలపండి. ఆ మూతనీ మీటరునీ ఒక జిప్ కవరులో వేసి గాలి దూరకుండా మూసి, రాత్రంతా వదిలేయండి. మీటరుకి ఉప్పునీరు తగలకూడదు. తెల్లారి అది 75 శాతం చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు 7 తక్కువ చెప్తోందని అర్థం.

ఇంకొకటి, మీటరు మీద నేరుగా స్ప్రే పడితే అది గంటల తరబడి 99 దగ్గరే నిలిచిపోతుంది. దాన్ని బ్యాగు ఎత్తులో, తుంపర పడని చోట కట్టండి.

పొగలాగా తుంపర వచ్చే చిన్న హ్యుమిడిఫయర్ కొనాలనుకుంటే బోరు నీళ్లు పోయకండి. నీళ్లలోని సున్నమంతా తెల్లటి పొడిలా ఇంట్లో అన్నిటి మీదా పడుతుంది. ఆర్ఓ ఫిల్టరు నీళ్లు వాడండి.

ప్రశ్న (కాకినాడ)

నాది పూర్తిగా ఇంకో రకం కథండి. మాకు తేమ కొనుక్కోనక్కర్లేదు, గోడలే చెమర్చుతాయి. రకం ఫ్లోరిడాయే. బ్యాగు తెల్లబడి చాలా రోజులైంది, మొగ్గలు మాత్రం రావట్లేదండి. వచ్చిన ఒకటి రెండు గుత్తుల మీద పసుపు మచ్చలు పడి జిగురుగా తయారయ్యాయి. పైగా బ్యాగు అడుగున సన్నటి నల్ల గొడుగులు మొలిచి, సాయంత్రానికల్లా సిరాలా కరిగిపోతున్నాయి. అవి కూడా ఆయిస్టరేనా? తినొచ్చా?

జవాబు (వికారాబాద్, పెంపకందారు)

తినకండి. అవి కుక్కగొడుగుల జాతి, ఇంక్ క్యాప్ అంటారు. వేరుచేసి తీసేయండి. గడ్డి సరిగా శుద్ధి కాకపోయినా, నీరు ఎక్కువ మిగిలినా ఇవి వస్తాయి. మీ బ్యాగు అడుగున నీరు నిలిచి ఉంటుంది చూడండి. సూదితో నాలుగు రంధ్రాలు పెట్టి నీరు పోనివ్వండి. ఈసారి గడ్డి కట్టేముందు పిడికెడు తీసి గట్టిగా పిండండి. అరచెయ్యి చెమ్మగా ఉండాలి, ఒకటి రెండు చుక్కలకి మించి కారకూడదు. ధారగా కారితే ఇంకాసేపు నీడన ఆరబెట్టాల్సిందే.

పసుపు మచ్చలు బ్యాక్టీరియా వల్ల. గొడుగు మీద నీరు గంటల తరబడి ఆరకుండా ఉంటే వస్తాయి. హైదరాబాద్ అమ్మాయికి నేను చెప్పినవేవీ మీరు చేయకండి. షీటు, గోనెలు మీకు అక్కర్లేదు. గాలి పెంచండి. ఎదురెదురు కిటికీలు తెరిచి, చిన్న ఫ్యానును గోడ వైపు తిప్పి నెమ్మదిగా పెట్టండి, బ్యాగు మీదకి కాదు.

మొగ్గలు రాకపోవడానికి వేడి కూడా కారణం కావచ్చు. రాత్రి కూడా గది 30 డిగ్రీలు దాటి ఉంటే ఫ్లోరిడా మొగ్గ తొడగదు.

ప్రశ్న అడిగినవారు

ర్యాకు కట్టేశానండీ! మా అత్తగారు అదేదో పురుటిగదిలా ఉందన్నారు. సాయంత్రం 86 శాతం ఉంది, మధ్యాహ్నం కూడా 80 కిందికి పోలేదు. ఎండిపోయిన మొగ్గలున్న బ్యాగు ఇక పనికిరాదా?

జవాబు (వికారాబాద్, పెంపకందారు)

పనికొస్తుంది. మాడిన మొగ్గలు తిరిగి లేవవు. వాటిని వేలితో గీకి తీసేయండి, వదిలేస్తే వాటి మీదే పచ్చ బూజు మొదలవుతుంది. తర్వాత బ్యాగు ఎత్తి చూడండి. కట్టినప్పటికంటే బాగా తేలికైతే గడ్డే ఎండిందని అర్థం. శుభ్రమైన చల్లటి నీళ్లలో రెండు మూడు గంటలు ముంచి, తీసి, తలకిందులుగా వాలబెట్టి నీరంతా కారనివ్వండి. వారం పది రోజుల్లో కొత్త మొగ్గలు రావాలి.

జవాబు (కరీంనగర్)

అక్కా, మార్చి సగం దాటాక ఫ్లోరిడాతో కుస్తీ పట్టకు. ఎండాకాలానికి గులాబీ ఆయిస్టర్ కొంచెం తట్టుకుంటది. అసలు ఎండలకి పాల పుట్టగొడుగే సరైంది, 30 నుంచి 35 డిగ్రీల్లో బాగా వస్తుంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఇచ్చిన ఏపీకే 2 రకం దాంట్లో పేరున్నది. కానీ దానికి గడ్డి తెల్లబడ్డాక పైన శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి, ఆ పొర ఎప్పుడూ తడిగా ఉండాలి. ఆయిస్టర్ ఒకసారి చేతికి వచ్చాక దాని జోలికి వెళ్లు.

ప్రశ్న అడిగినవారు

ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త. బాత్రూం నుంచి తెచ్చిన బ్యాగుకి పాత కాడలు తీసేస్తే, కొత్తగా వచ్చిన గుత్తి గొడుగులు వెడల్పుగా విచ్చుకుంటున్నాయి. ఎప్పుడు కోయాలి? నీళ్లలో ముంచిన బ్యాగుకి మాత్రం ఒక పక్క అరచేయంత మేర ఆకుపచ్చ పొడి కనిపిస్తోంది. ఆ భాగం కోసేస్తే సరిపోతుందా?

జవాబు (వికారాబాద్, పెంపకందారు)

అరచేయంత అంటే లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. కోయకండి, అసలు తెరవకండి. ఆ పొడి గాల్లోకి లేస్తే మంచి బ్యాగు కూడా పోతుంది. పెద్ద కవరులో పెట్టి మూతి కట్టి ఇంట్లోంచి పంపేయండి. గోనెలు వేడినీళ్లలో ఉడికించి ఎండలో ఆరేయండి. అంచున గోరంత మచ్చ ఉంటే ఉప్పు అద్ది చూడొచ్చు, ఇది ఆ దశ దాటింది.

కోత గురించి. గొడుగు అంచు ఇంకా కొద్దిగా కిందికి వంగి ఉండగానే కోయాలి. అంచు పైకి లేచి అలలు తిరిగితే ఆలస్యమైనట్టే. విత్తనాల్లాంటి తెల్లటి పొడి, స్పోర్స్, రాలి గదంతా పడతాయి, కొందరికి దగ్గు, తుమ్ములు పట్టుకుంటాయి. గుత్తి మొత్తాన్ని మొదట్లో పట్టుకుని మెలితిప్పి ఒకేసారి తీయండి. పెద్దవి తెంపి చిన్నవి వదిలితే చిన్నవి పెరగవు, కుళ్లుతాయి. మిగిలిన మొదళ్లు గీకేసి, రెండు రోజులు గాట్ల మీద నీళ్లు పడనివ్వకుండా బ్యాగుని వదిలేయండి. రెండో కాపు వారం పది రోజుల్లో వస్తుంది, మొదటిదానికంటే తక్కువే. కోసినవి ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు పాలిథిన్‌లో బిగించకండి, కాగితపు సంచిలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అలాగేనండీ. పచ్చ బ్యాగు పంపేశాను. మళ్లీ స్పాన్ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు (బెంగళూరు)

తయారీ తేదీ చూడండి. గింజలన్నీ తెల్లటి తీగతో అల్లుకుని ఉండాలి. పచ్చ, నల్ల మచ్చలుగానీ, పుల్లటి వాసనగానీ, అడుగున పసుపు నీరుగానీ ఉంటే తీసుకోవద్దు. మా బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ, ఐఐహెచ్ఆర్, స్పాన్ తయారుచేస్తుంది. కానీ ఎండాకాలంలో పార్సిల్లో వేడికి పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ముందు మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. తెచ్చినరోజే కట్టలేకపోతే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు.