సున్నా యూరో నోటుకు ఆల్బమ్‌లో చోటివ్వవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలోని పెదవాల్తేరు. నేను చారిత్రక పట్టణాల బొమ్మలున్న నోట్లు సేకరిస్తున్నానని తెలిసి, ఓడలో పనిచేసే మా తమ్ముడు ఈసారి సెలవుకు వస్తూ రష్యా 1000 రూబుళ్ల నోటుతో పాటు జర్మనీలోని ట్రియర్ పట్టణపు సున్నా యూరో నోటు కూడా తెచ్చాడు. మొదటిదానిపై యారొస్లావ్ల్ నగర స్థాపకుడైన రాజు విగ్రహం ఉంది. రెండోదానిపై కార్ల్ మార్క్స్ ముఖం ఉంది; వేలితో తడిమితే అసలు కరెన్సీ కాగితంలాగే గరుకుగా తగులుతోంది. చెల్లని నోటును చెల్లే నోట్ల సరసన పెట్టవచ్చా? కిందటి వానాకాలం సముద్రపు చెమ్మకు నా పాత నోటొకటి ప్లాస్టిక్ కవరుకు అతుక్కుపోయి, విడదీయబోతే అంచు చిరిగింది. వీటిని ఎలా దాచుకోవాలో కూడా దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
తప్పకుండా పెట్టండి, అయితే వేరే పేజీలో పెట్టండి. ఈ సున్నా యూరో నోట్లు 2015లో ఫ్రాన్సులో మొదలయ్యాయి. కరెన్సీ అచ్చువేసే సంస్థే నీటిగుర్తు ఉన్న కాగితంపై వీటిని ముద్రిస్తుంది కనుక మీ వేలికి అలా తగిలింది. మీ దగ్గరున్న నోటును 2018లో, మార్క్స్ ద్విశత జయంతి సందర్భంగా, ఆయన పుట్టిన ఊరైన ట్రియర్‌లో 3 యూరోలకు అమ్మారు. అది జ్ఞాపిక, మీ రూబుళ్ల నోటు కరెన్సీ. ఈ తేడాను పేజీ అడుగున రాసిపెట్టండి.

సమాధానం 2:
మీ నోటు చిరగడానికి చెమ్మ ఒక్కటే కారణం కాకపోవచ్చు. పీవీసీ కవర్లను మెత్తబరచడానికి కలిపే రసాయనాలు కొన్నేళ్లకు బయటికి ఊరి కాగితానికి పట్టుకుంటాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు వాడండి. ఆల్బమ్‌ను సముద్రం వైపు గోడకు ఆనించిన బీరువాలో కాకుండా లోపలి గదిలో, చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ల్యామినేషన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయించకండి.

సమాధానం 3:
విదేశీ పట్టణాలకంటే ముందు మన నోట్లకు ఒక పేజీ కేటాయించమని నా మనవి. 50 రూపాయల నోటుపై హంపి రాతిరథం, 200 నోటుపై సాంచి స్తూపం, 100 నోటుపై గుజరాత్‌లోని పటాన్‌లో ఉన్న రాణీ కీ వావ్ అనే మెట్లబావి ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ప్రియమైనది 2018లో వచ్చిన చాక్లెట్ రంగు 10 రూపాయల నోటు. దానిపై ఉన్న కోణార్క్ సూర్య దేవాలయాన్ని కట్టించిన తూర్పు గాంగ రాజు నరసింహదేవుడి కాలంలోనే, 13వ శతాబ్దంలో, మన సింహాచలం ఆలయ నిర్మాణం కూడా పెద్ద ఎత్తున సాగింది. కొండ మీద అప్పన్న గుడి చూసిన మనలాంటివాళ్లకు ఆ నోటు పరాయి ఊరిదిగా తోచదు. బ్యాంకులో కొత్త కట్ట విప్పినప్పుడు మడతపడని నోటు ఒకటి అడిగి తీసుకుని, మీ ఆల్బమ్ మొదటి పేజీలో పెట్టండి.