రాత్రిళ్లు చేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువొస్తోంది, టైపింగ్ వల్లేనా?

బెజవాడ_డీటీపీ:
నేను డీటీపీ పని చేస్తానండి, అంటే కంప్యూటర్లో పేజీలు కంపోజ్ చెయ్యడం, పేజ్‌మేకర్లో అను అనే తెలుగు ఫాంట్స్‌తో గైడ్లు, కరపత్రాలు అవీ. నెల నుంచి కుడిచెయ్యి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిర్లు. పగలు పర్లేదు గానీ రాత్రి మాత్రం మెలకువొచ్చేస్తుంది, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుద్ది, మళ్లీ పడుకుంటా. మెడికల్ షాపాయన జెల్లూ బీ కాంప్లెక్సూ ఇచ్చాడు, తేడా లేదు. మా ఆవిడ కొబ్బరినూనె పెట్టి మణికట్టు గట్టిగా పిసుకుతోంది. సీజన్లో పని ఆపడం కుదరదు, ఏం చెయ్యాలి?

ఫిజియో_కాకినాడ:
చిటికెన వేలికి కూడా ఉందా? ముందది చెప్పండి. లేకపోతే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోతున్నట్టుంది, కార్పల్ టన్నెల్ అంటారు. చిటికెన వేలు, దాని పక్క వేలు అయితే అది వేరే నరం, మోచేతి దగ్గర చూడాలి. మెడ నుంచి కూడా రావొచ్చు. రాత్రి లేవడం, విదిలిస్తే తగ్గడం మాత్రం కార్పల్ టన్నెల్‌కే ఎక్కువ సరిపోతాయి, నిద్రలో మణికట్టు ముడుచుకుని పడుకుంటాం కదా, లోపల ప్రెషర్ పెరుగుద్ది. అచ్చంగా టైపింగ్ వల్లే వస్తుందని గట్టి రుజువైతే లేదండి, షుగర్, థైరాయిడ్, ఒళ్లు ఎక్కువుండటం ఇవి కూడా కారణాలే, కాబట్టి రక్త పరీక్ష చేయించండి. లోపల మెటల్ పట్టీ ఉండే రిస్ట్ స్ప్లింట్ దొరుకుద్ది, మణికట్టు తిన్నగా ఉండేలా రాత్రిపూట పెట్టుకుని 6 వారాలు చూడండి, సాగే బ్యాండ్ కాదు. ఆ పిసకడం ఆపమనండి! చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి కింద కండ తగ్గుతున్నా ఆగొద్దు, న్యూరాలజిస్ట్‌కి చూపించి నరాల టెస్ట్ చేయించుకోండి.

పాత_కంపోజిటర్:
కీబోర్డు వెనక కాళ్లు లేపి పెట్టారా? మడిచెయ్యండి, లేపితే మణికట్టు పైకి వంగుద్ది, దాన్ని డెస్కు అంచు మీద ఆనించి కొట్టడం ఇంకా దరిద్రం. నంబర్ ప్యాడ్ లేని చిన్న కీబోర్డు కొంటే మౌస్ దగ్గరకొస్తుంది, భుజానికీ హాయి. మౌస్ ఎడం చేతికి మార్చుకోండి, మొదట చిరాగ్గా ఉంటది గానీ అలవాటైపోద్ది. ఇంకోటి, మన తెలుగుకి షిఫ్ట్ గోల ఎక్కువ, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఔట్‌లో క కొట్టే మీట మీదే షిఫ్ట్ పట్టుకుంటే ఖ. ఒకే చేత్తో వేళ్లు చాపి రెండూ నొక్కకుండా, అక్షరం ఒక చేత్తో షిఫ్ట్ రెండో చేత్తో నొక్కండి.

కోడింగ్_కూలీ:
అన్నా, నేను హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్. వర్క్‌రేవ్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, టైం అయితే బ్రేక్ తీసుకోమని గుర్తుచేస్తది, పెట్టుకో. మేటర్ మొత్తం కొట్టుడెందుకు, గూగుల్ డాక్స్‌ల తెలుగులో చదివితే అదే టైప్ చేస్తది, తర్వాత ఫాంట్ కన్వర్టర్‌తోని అను ఫాంట్‌లకు మార్చుకో.

బెజవాడ_డీటీపీ:
చిటికెన వేలికి ఏం లేదండి. షుగర్ మాత్రం ఉంది, మాత్రలు వేసుకుంటున్నా. వాయిస్ ట్రై చేశా తమ్ముడూ, కన్వర్ట్ చేశాక ఒత్తులన్నీ చెదిరిపోయి ప్రూఫ్ దిద్దడానికే డబుల్ పనవుతోంది. స్ప్లింట్ సైజు ఎలా చూసుకోవాలి?

ఫిజియో_కాకినాడ:
టేపుతో మణికట్టు చుట్టూ కొలిచి ప్యాకెట్ మీద సైజుతో సరిచూసుకోండి, కుడిచేతిది అని అడగండి. బిగించి కట్టొద్దు, కింద ఒక వేలు దూరాలి. షుగరుందంటున్నారు కాబట్టి 6 వారాలు ఆగకుండా ఈలోపే ఒకసారి డాక్టర్‌కి చూపించండి.