మారేడుమిల్లి పాత అటవీ బంగ్లా ఇంకా ఉందా? లోపల చూడనిస్తారా?

మాది అమలాపురం దగ్గర. సంక్రాంతి రద్దీ తగ్గాక ఇంటిల్లిపాదీ మారేడుమిల్లి వెళ్లి రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. మా తాతగారు అటవీ శాఖలో ఉన్నప్పుడు అక్కడి బంగ్లా బాగోగులు ఆయనే చూసేవారు. మా అమ్మ పుట్టింది ఆ పక్క క్వార్టర్స్‌లోనే. పెంకుల కప్పు, చుట్టూ వరండా, వెనకాల వాగు... అమ్మమ్మ గారు చెప్పే గుర్తులు ఇవే. ఆ కట్టడం ఇంకా నిలిచి ఉందా? బస ఇవ్వకపోయినా పర్లేదు, ఆవిడను ఒక్కసారి ఆ వరండాలో కూర్చోబెట్టాలని మా అందరి కోరిక. ఎనభై దాటాయి, వచ్చే ఏడాదికి వాయిదా వేయలేం.

అసలు టెన్షన్ చలి గురించే. ఆవిడకు ఆయాసం ఉంది. మా లంకల్లో పొగమంచే తప్ప కొండ చలి తెలియదు. బంధువులు లంబసింగి అంటున్నారు గానీ, అది సుమారు 1000 మీటర్ల ఎత్తు, ఒక్కోసారి సున్నా డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. అక్కడికి మాత్రం తీసుకెళ్లం. జనవరిలో మారేడుమిల్లి రాత్రులు ఎలా ఉంటాయి? కాటేజీల్లో వేడినీళ్లు, మెట్లు లేని గది దొరుకుతాయా?

రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా కారులో వస్తాం. రాజమండ్రి నుంచే 80 కిలోమీటర్ల పైన ఉంటుంది కదా, నడుమ ఆవిడ కాసేపు నడుం వాల్చే చోటు ఏదైనా ఉందా? రాత్రి ఆయాసం ఎక్కువైతే మారేడుమిల్లిలోనే డాక్టరు దొరుకుతారా, లేక రంపచోడవరం దిగాలా?

బంగ్లా చూడటానికి అనుమతి రేంజ్ ఆఫీసులో అడగాలా, ఇంకెక్కడైనానా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.