చలికాలం ఒక్కరోజు నడకకు ఏ గుట్ట? ఎత్తు చూడాలా, చెరువు చూడాలా?

పాలమూరు_పాతచెప్పులు:
డిసెంబర్ చివర్లో ఒక ఆదివారం పోదామనుకుంటున్నాం. మొత్తం ఏడుగురం, అందులో అరవై రెండేళ్ల మా అమ్మ, తొమ్మిదేళ్ల పాప ఉన్నారు. పొద్దున మహబూబ్‌నగర్‌లో బయల్దేరితే రాత్రి అన్నానికి ఇంట్లో ఉండాలి. మా తమ్ముడు భువనగిరి అంటాడు. 500 అడుగుల ఏకశిల, అంతకు మించింది ఏముంది అని వాడి వాదన. నేనేమో ఖిల్లా ఘణపురం అంటున్నా. పైకెక్కినాక కింద చూడటానికి ఏదన్నా ఉండాలి కదా. అక్కడ కోట గుట్టల కింద గణపసముద్రం చెరువు ఉంది. వానలు పోయి రెండు నెలలే కాబట్టి చెరువులన్నీ ఇప్పుడే నిండుగా ఉంటాయి, మార్చి దాటితే అడుగు బురదే కనిపిస్తుంది. అందుకే చలికాలంలో గుట్టను చెరువు చూసి ఎంచుకోవాలని నా మాట. ఇంట్లో గొడవ తెగడం లేదు, మీరన్నా చెప్పండి.

భువనగిరి_రైలు:
తమ్ముడి మాటే కరెక్ట్ అన్నా. ఆ రాయి ఎక్కుతుంటే వచ్చే ఆనందం వేరు. చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు, అదే త్రిభువనమల్లుడు, ఆయన పేరు మీదే కోట. మెట్లు ఉన్నాయి, చాలా చోట్ల పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంది, స్టేషన్ ఊళ్లోనే ఉంది. పెద్దవాళ్లతో పోయేటప్పుడు ఇవి చూడాలి గానీ చెరువు ఎందుకు?

నీలగిరి_మాస్టారు:
భువనగిరి మంచిదే, కాదనను. కానీ వీళ్లు మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ దాటి ఇంకో 50 కిలోమీటర్లు పోవాలి. చేరేసరికి పది దాటుతుంది. బోడి రాయి మీద చెట్టు నీడ తక్కువ. జనవరిలో కూడా పదకొండుకల్లా రాయి వేడెక్కుతుంది, చలికాలమని మోసపోవద్దు. రైలు బాబూ, నువ్వు ఆ ఊరి వాడివి, ఆరింటికే ఎక్కేస్తావు. నీ లెక్క వీళ్లకు పనికిరాదు.

భువనగిరి_రైలు:
అది ఒప్పుకుంటా మాస్టారూ. ఆదివారం పది దాటితే సెల్ఫీల లైన్ కూడా ఉంటుంది :)

దేవరకొండ_డిపో:
మీరంతా ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే దిగడాన్ని చూసి గుట్టను ఎంచుకోవాలి. పోయిన జనవరిలో మా దేవరకొండ కోట మీదికి నలుగురం పోయాం. పద్మనాయకుల కోట, చుట్టూ గుట్టలు, గుట్ట మీదుగా గోడ. ఆ గోడ వెంట నడుస్తుంటే టైమే తెలియదు. మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెట్టడం మా తప్పు. ఈ నెలల్లో ఐదుముప్పావుకే పొద్దుగూకుతుంది, ఆరుంబావుకు పూర్తిగా చీకటి. ఫోన్ లైటులో దిగుతుంటే అరిగిన రాయి మీద సన్న గరుసు ఇసుక, కాలు పెడితే గోలీల మీద పెట్టినట్టే జారింది. మా బావమరిది కూర్చునే జారుకుంటూ వచ్చాడు, ప్యాంటు పోయింది. ఎక్కేటప్పుడు ఆ ఇసుకను మేం గమనించనే లేదు.
చెరువు ఉందా, రాయి ఎంత పెద్దది అని తర్వాత చూడండి. ముందు, పెద్దమ్మ మోకాళ్లకు తగ్గట్టు దిగే దారి ఉందా అని చూడండి.

పాలమూరు_పాతచెప్పులు:
అమ్మకు ఎక్కడం కష్టం కాదన్నా, దిగేటప్పుడే మోకాలు పట్టేస్తుంది. ఇది నాకు తట్టలేదు.

కందిచేను_అక్క:
తమ్మీ, చెరువు మాట కొట్టిపారేయకు, అందులో నిజం ఉంది. కానీ సగమే చెప్పావు. చెరువు గుట్టకు ఏ దిక్కున ఉందో చూడాలి. పడమటి వైపు ఉంటే పొద్దున ఎక్కాలి, ఎండ మన వీపు మీద ఉంటుంది, నీళ్లు నీలంగా కనిపిస్తాయి. తూర్పున ఉంటే పొద్దున కళ్లు చిట్లించుకుని చూడాల్సిందే, మధ్యాహ్నం తర్వాతే బాగుంటుంది. సూర్యోదయం అని ఐదింటికి లేచి పోయేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. డిసెంబర్‌లో మా చేల మీద ఎనిమిది దాకా మంచు లేవదు. చెరువు మీద ఇంకా ఎక్కువ. పైన నిలబడితే తెల్లటి దుప్పటి తప్ప ఏమీ కనపడదు.

భువనగిరి_రైలు:
ఆ దుప్పటి చూడటానికే కదక్కా పోయేది!

కందిచేను_అక్క:
నువ్వు చూసుకో. చిన్నపిల్లను చలిలో లేపి తీసుకుపోయినాక అది "ఏది నాన్నా చెరువు" అంటే ఏం చెప్తారు?

కొత్తగా_వచ్చా:
నల్లమలలో సలేశ్వరం ఎవరూ చెప్పలేదేంటి? గుట్ట, లోయ, జలపాతం అన్నీ ఒక్కచోటే.

నీలగిరి_మాస్టారు:
నాయనా, అది చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే. మిగతా కాలంలో అటు పోనివ్వరు, అది అమ్రాబాద్ పులుల అడవి. నల్లమల చూడాలంటే మన్ననూరు దగ్గర అటవీశాఖ వాళ్ల సఫారీలో ఫరహాబాద్ వ్యూ పాయింట్ దాకా పోవచ్చు, అది జీపు ప్రయాణం, నడక కాదు. సొంతంగా అడవిలో దారి వెతుక్కుంటాం అంటే మాత్రం నేను ఈ చర్చలో లేను.

దేవరకొండ_డిపో:
ఇంకొకటి. పాత కోటల బురుజుల కింద పెద్ద తేనెటీగల పట్టులు ఉంటాయి. సెంటు కొట్టుకుని రావద్దు, పైన మంట పెట్టి టీ కాస్తాం అనొద్దు. పిల్లలు రాళ్లు విసరకుండా చూసుకోండి. సాక్సులు పొడుగువి వేసుకోండి, ఎండుగడ్డి గింజలు సూదుల్లా దిగుతాయి.

కోయిలకొండ_అల్లుడు:
ఇంత దూరాలు ఎందుకు? మా అత్తగారి ఊరు కోయిలకొండ, మహబూబ్‌నగర్‌కు గంటలోపే. కుతుబ్‌షాహీల కోట, ఒక దర్వాజా తర్వాత ఇంకో దర్వాజా, ప్రతి చోటా ఆగి కూర్చోవచ్చు. పెద్దమ్మ ఎక్కడ ఆగితే అక్కడే సద్ది విప్పండి. కిందకు వస్తే అనపకాయల గుగ్గిళ్లు నా బాధ్యత.

నీలగిరి_మాస్టారు:
గుగ్గిళ్లు చూపించి ఓట్లు అడగకూడదు అల్లుడూ.

పాలమూరు_పాతచెప్పులు:
అందరికీ థ్యాంక్స్. తమ్ముడికి ఈ చర్చ చూపించా. భువనగిరిని వాడి స్నేహితులతో ఇంకోసారి పెట్టుకుంటాడట. నా చెరువు లెక్క నేను వదల్లేదు గానీ ఇప్పుడు అది రెండో ప్రశ్న అయింది. పొద్దున తొమ్మిదికి ఎక్కడం, పన్నెండున్నరకు కింద ఉండటం, ఇది మాత్రం ఖాయం. అమ్మ దిగగలిగే దారి ఉంటే ఘణపురం, లేకపోతే కోయిలకొండ. అది కూడా కుదరకపోతే మన్యంకొండ, పైదాకా బండి పోతుంది, అమ్మకు వెంకన్న దర్శనమూ అవుతుంది. మొన్న ఊరికే ఈ మాట అంటే ఆమె మొహం వెలిగిపోయింది, అసలు ఆమెను ఎవరం అడగలేదు!
ఖిల్లా ఘణపురం వాళ్లెవరన్నా ఉంటే రెండు విషయాలు చెప్పండి. చెరువు ఇప్పుడు ఎంత నిండింది? మెట్లు విరిగిన చోట పెద్దవాళ్లకు చెయ్యి పట్టుకునే వీలుందా?